పాలకుడి వైఫల్యం, ప్రజల విప్లవం: హైదరాబాద్ సంస్థానం కూలినప్పుడు వాడకు దక్కిందేమిటి?

సెప్టెంబర్ నెల వచ్చిందంటే తెలంగాణలో ఒక పాత గొడవ మళ్లీ మొదలవుతుంది. 17వ తేదీని విమోచనం అనాలా, విలీనం అనాలా, విద్రోహం అనాలా? కేంద్ర ప్రభుత్వం 2022 నుంచి 'హైదరాబాద్ విమోచన దినం' జరుపుతోంది. అదే ఏడాది రాష్ట్ర ప్రభుత్వం 'జాతీయ సమైక్యతా వజ్రోత్సవాలు' చేసింది. ప్రభుత్వం మారాక 2024లో అదే రోజు 'ప్రజాపాలన దినోత్సవం' అయింది. పేరు మారినా జెండా ఎగరేసే చేతులు పెద్దగా మారలేదు.

ఆ పేరు పంచాయితీలోకి మేము వెళ్లదలచుకోలేదు. మమ్మల్ని తొలుస్తున్న ప్రశ్నలు వేరు. 1724 నుంచి నిలబడిన అసఫ్‌జాహీ రాజ్యం 1948 సెప్టెంబర్‌లో అయిదు రోజుల్లో ఎలా కూలిపోయింది? దానికి ముందు రెండేళ్లలోనే నల్లగొండ, వరంగల్ పల్లెల్లో దొరల పెత్తనం ఎలా ఊడిపోయింది? ఇంత జరిగాక ఊరి చివర మాలవాడకూ మాదిగవాడకూ మిగిలిందేమిటి? ఈ మూడూ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. చెడ్డ నాయకత్వం విప్లవానికి దారి తీస్తుందని మనం తరచూ వింటాం. ఆ మాట ఎంతవరకు నిజమో, ఎక్కడ ఆగిపోతుందో తెలుసుకోవడానికి హైదరాబాద్ సంస్థానం కంటే మంచి ఉదాహరణ మనకు దగ్గరలో లేదు.

పీడన ఒక్కటే విప్లవం తేదు

ముందు ఒక అపోహ తొలగించుకుందాం. పీడన ఎక్కువైతే జనం తిరగబడతారు, అంతే కదా అంటారు చాలామంది. అదే నిజమైతే మన తాత ముత్తాతల ప్రతి తరంలోనూ ఒక విప్లవం రావాలి. వెట్టి 1946లో పుట్టింది కాదు. అంటరానితనం అంతకంటే ఎన్నో వందల ఏళ్ల పాతది. పీడన విప్లవానికి కారణం అవుతుంది కానీ, అది ఎప్పుడు బద్దలవుతుందో చెప్పదు.

ఆ 'ఎప్పుడు' అన్నది చాలావరకు పాలకుల చేతుల్లో ఉంటుంది. ఫ్రెంచి విప్లవాన్ని పరిశీలించిన టోక్‌విల్, చెడ్డ ప్రభుత్వానికి అత్యంత ప్రమాదకరమైన ఘడియ అది తనను తాను సంస్కరించుకోవడం మొదలుపెట్టినప్పుడేనన్నాడు. ఆశ చూపించి తీర్చకపోవడం, అసలు చూపించకపోవడం కంటే ప్రమాదమన్నమాట. కింది వర్గాలు పాత పద్ధతిలో బతకడానికి ఒప్పుకోకపోవడం ఒక్కటే సరిపోదని, పై వర్గాలకు పాత పద్ధతిలో పాలించడం చేతకాకుండా పోవాలని లెనిన్ అన్నాడు. వీళ్లిద్దరి దృక్పథాలు వేరైనా ఇద్దరూ పాలకుల వైపు కూడా చూడమంటున్నారు.

ఇరుగుపొరుగు సంస్థానాలను పోల్చి చూస్తే ఇది ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. మైసూరులో కులపీడన లేదా? ఉంది. రాజు లేడా? ఉన్నాడు. అక్కడ కూడా 1947 సెప్టెంబర్‌లో 'మైసూర్ చలో' ఉద్యమం లేచింది. అయితే మహారాజు జయచామరాజ ఒడెయరు వెనక్కి తగ్గి బాధ్యతాయుత ప్రభుత్వానికి ఒప్పుకున్నాడు. అక్టోబర్ 25న కె.సి. రెడ్డి ముఖ్యమంత్రి అయ్యాడు. సరిగ్గా రెండు రోజుల తర్వాత, అక్టోబర్ 27న, హైదరాబాద్‌లో ఏం జరిగిందో చూడండి. భారత ప్రభుత్వంతో ఒప్పందం కోసం ఢిల్లీ బయల్దేరాల్సిన నిజాం ప్రతినిధుల ఇళ్లను మజ్లిస్ ఇత్తెహాదుల్ ముస్లిమీన్ గుంపులు చుట్టుముట్టాయి. ప్రధాని ఛత్తారీ నవాబు, న్యాయ సలహాదారు వాల్టర్ మాంక్టన్ గడప దాటలేకపోయారు. తాను పంపిస్తున్న మనుషులను తన రాజధానిలోనే తాను కాపాడుకోలేని స్థితికి నిజాం చేరుకున్నాడు. మైసూరులో కులం అలాగే ఉండిపోయింది, రాజూ కొంతకాలం నిలిచాడు. హైదరాబాద్‌లో రాజ్యమే పోయింది.

ఆ రాజ్యం దేనిమీద నిలబడింది?

ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1911లో గద్దెనెక్కాడు. 1937లో 'టైమ్' పత్రిక ఆయన బొమ్మను ముఖచిత్రంగా వేసి ప్రపంచంలోనే అత్యంత ధనవంతుడని రాసింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం, ఉస్మానియా ఆసుపత్రి, నిజాంసాగర్ ఆయన కాలంలో వచ్చినవే. కాబట్టి ఆయన చేతగాని మనిషి అనడం సరికాదు. నగరాన్ని నడపడం ఆయనకు తెలుసు. పల్లెను మాత్రం దొరలకు వదిలేశాడు.

సంస్థానం భూమిలో దాదాపు మూడో వంతు జాగీర్దార్ల కింద ఉండేది. కొంత భాగం సర్ఫెఖాస్, అంటే నిజాం సొంత ఖర్చులకు. మిగిలిన దివానీ భూముల్లో పేరుకు రైత్వారీ. అసలు అధికారం దేశ్‌ముఖులదీ, పట్వారీలదీ. విసునూరు రామచంద్రారెడ్డి కింద 60 ఊళ్లు, 40 వేల ఎకరాలు ఉండేవని పుచ్చలపల్లి సుందరయ్య రాశాడు. దస్త్రం రాసే పట్వారీ బ్రాహ్మణుడు, కొరడా పట్టే దొర రెడ్డి లేదా వెలమ, పైనున్న తాలూక్‌దారు నిజాం మనిషి. ఈ ముగ్గురి కూర్పు పేరే పాలన.

దాని బరువు మోసింది ఎవరు? చాకలి బట్టలుతికి దొరసాని పల్లకీ వెంట పరిగెత్తాలి. కుమ్మరి కుండలు ఊరికే ఇవ్వాలి. గొల్లవాళ్లు గొర్రెలు తోలివ్వాలి. మాదిగలు చెప్పులు కుట్టాలి, మోట బావికి తోలు తొండాలు చేసివ్వాలి, డప్పు చాటింపు వెయ్యాలి, పశువు చస్తే మొయ్యాలి. మాలలు దస్త్రాలు, చిట్టీలు ఊరి నుంచి ఊరికి మోసుకుపోవాలి, అధికారి వస్తే మూటలెత్తాలి, గుర్రబ్బండి ముందు పరుగెత్తాలి. ఇంటికొక మనిషి వెట్టికి పోవాల్సిందే. దొర కూతురి పెళ్లయితే ఆమె వెంట ఆడపాపలుగా పోయిన పిల్లలు తిరిగి రాలేదు. 'నీ బాంచెన్ కాల్మొక్త' అనేది ఈ వ్యవస్థ నేర్పిన పలకరింపు.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. రాజు ముస్లిం, దొర హిందువు. ఈ సంగతి మరిచిపోయిన ప్రతి చరిత్ర మనల్ని తప్పుదారి పట్టిస్తుంది.

ఒక్కొక్కటిగా మూసుకున్న తలుపులు

అన్యాయమైన రాజ్యం కూడా చాలాకాలం బతకగలదు. అందుకు నాలుగు తలుపులు కొంచెమైనా తెరిచి ఉండాలి: మొర వినే తలుపు, చట్టం అమలయ్యే తలుపు, సలహా చెప్పే తలుపు, బలప్రయోగాన్ని తన అదుపులో ఉంచుకునే తలుపు. నిజాం పాలనలో ఈ నాలుగూ ఒక్కొక్కటిగా మూతపడ్డాయి.

మొదటిది మొర. 1929 నాటి 'గస్తీ నిషాన్ తిర్పన్' ఉత్తర్వుతో సభ పెట్టాలంటే ముందే అనుమతి తప్పనిసరి అయింది. గ్రంథాలయాలు, పాఠశాలలు, మాతృభాష అంటూ మొదలైన ఆంధ్ర మహాసభ నిజానికి చాలా మెతక సంస్థ. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగిన తొలి సభ గద్దె దిగమని ఎవరినీ అడగలేదు. అలాంటివాళ్లకు కూడా అడుగడుగునా ఆంక్షలే. 1938లో హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్ సరిగ్గా పుట్టక ముందే నిషేధం పడింది. అది ఎత్తేసింది 1946లో. విన్నపం చేసుకునేవాణ్నే శత్రువుగా చూస్తే, విన్నపం పత్రాలతో పని కాదని చెప్పేవాడి మాట చెల్లుతుంది. 1944 భువనగిరి మహాసభలో జరిగింది అదే. మితవాదులు పక్కకు పోయారు, రావి నారాయణరెడ్డి నాయకత్వంలో కమ్యూనిస్టులు ముందుకొచ్చారు, మహాసభ పల్లెల్లో 'సంగం' అయింది.

రెండోది చట్టం. భగేలా పద్ధతి మీద, అంటే అప్పు కింద జీతముండే పాలేరుతనం మీద, 1936లో నియంత్రణ చట్టం చేశారు. కౌలుదార్ల కోసం 1945లో ఆసామీ షిక్మీ చట్టం తెచ్చారు. కాగితాల మీద మంచివే. వాటిని అమలు చేయాల్సింది ఎవరు? అదే పట్వారీ, అదే పటేలు. యుద్ధకాలంలో లెవీ ధాన్యం వసూలు కూడా వాళ్ల చేతికే ఇచ్చారు. దొర గాదెలు నిండుగా ఉండగా చిన్న రైతు ఇంట్లో గింజలు ఊడ్చుకుపోయారు.

చట్టం మీద నమ్మకం ఎలా చచ్చిపోతుందో చెప్పడానికి కామారెడ్డిగూడెం బందగీ కథ చాలు. పేద ముస్లిం రైతు. తన భూమి కోసం విసునూరు దొర మీద ఏళ్ల తరబడి కోర్టుకెక్కాడు. గెలిచాడు. 1940లో దొర మనుషులు ఆయనను నరికి చంపారు. నిజాం కోర్టు న్యాయం చెప్పినా, దాన్ని కాపాడలేకపోయింది. కోర్టుకు పోయి గెలిచినవాడే చస్తే, తర్వాతివాడు కోర్టుకు పోతాడా? పాలకుర్తి చాకలి ఐలమ్మ తన పంటను దక్కించుకోవాల్సి వచ్చినప్పుడు పక్కన నిలబడింది సంగమే.

మూడోది సలహా. 1939లో ప్రకటించిన రాజ్యాంగ సంస్కరణలను యుద్ధం సాకుతో అటకెక్కించారు. 1946లో వాటిని బయటికి తీసేనాటికి ఎవరికీ వాటి మీద ఆసక్తి లేదు. ఆ ఏడాది ప్రధానిగా వచ్చిన మీర్జా ఇస్మాయిల్ రాజీమార్గం సూచించాడు. ఇత్తెహాద్ ఒత్తిడికి తట్టుకోలేక 1947 మేలో రాజీనామా చేశాడు. జూన్‌లో నిజాం ఏ దేశంలోనూ చేరనని ఫర్మానా ఇచ్చాడు. అక్టోబర్ చివర ఢిల్లీ ప్రతినిధి వర్గం గతి చూశాం. ఛత్తారీ కూడా వెళ్లిపోయాడు. ఆ తర్వాత ప్రధాని అయిన లాయక్ అలీ, ఖాసిం రజ్వీకి అడ్డు చెప్పే స్థితిలో లేడు. నిజం చెప్పేవాళ్లు వరసగా వెళ్లిపోయాక, రాజుకు నచ్చే మాటలు చెప్పేవాళ్లే మిగిలారు.

నాలుగోది బలప్రయోగం. ఏ రాజ్యమైనా తుపాకీని తన చేతిలో పెట్టుకుంటుంది. నిజాం ఆ తుపాకీని రజాకార్లకు వదిలేశాడు. లాతూరు వకీలు ఖాసిం రజ్వీ కింద ఈ ప్రైవేటు సేన పోలీసులతో కలిసి ఊళ్ల మీద పడింది. 1948 ఆగస్టులో 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను నగరంలోనే చంపారు. ఆయన భారతదేశంలో కలవాలని రాసిన ముస్లిం పత్రికా రచయిత. అదే నెలాఖరున భైరాన్‌పల్లిలో ఊరి జనాన్ని నిలబెట్టి కాల్చారు. ఇన్నాళ్లూ ఎటూ తేల్చుకోని మనుషులు కూడా ఆ తర్వాత ఒక పక్కకు రాక తప్పలేదు.

తలుపులు మూశాక

ఇప్పుడు విప్లవం ఎలా వచ్చిందో చూడొచ్చు. 1946 జులై 4న కడవెండిలో దొర గడీ ముందుగా సాగుతున్న ఊరేగింపు మీద కాల్పులు జరిగి దొడ్డి కొమరయ్య చనిపోయాడు. ఆ రోజు వరకు చేతుల్లో కర్రలు, వడిసెలలు ఉన్నవాళ్లు ఆ తర్వాత తుపాకుల కోసం చూశారు. 1947 సెప్టెంబర్ 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపిచ్చారు. ఉద్యమం చెప్పుకున్న లెక్క ప్రకారం సుమారు 3 వేల గ్రామాల్లో గ్రామరాజ్యాలు ఏర్పడ్డాయి, 10 లక్షల ఎకరాలు పంచారు, 4 వేల మంది ప్రాణాలు ఇచ్చారు.

ఈ గ్రామరాజ్యాలు చేసిన పనిని గమనించండి. తగవులు తీర్చాయి, భూమి కొలిచాయి, కూలి రేటు కట్టాయి, వెట్టిని ఆపాయి. అంటే ప్రభుత్వం వదిలేసిన నాలుగు పనులనూ సంగం ఎత్తుకుంది. చెడ్డ నాయకత్వం ఖాళీని సృష్టిస్తుంది. ఆ ఖాళీలో మరో అధికారం నిలబడితేనే తిరుగుబాటు విప్లవం అవుతుంది. నిలబడకపోతే అది అల్లరిగా మొదలై అణచివేతతో ముగుస్తుంది.

వాడ ఎటు నిలబడింది?

ఇక్కడి నుంచి మన కథ మామూలు చరిత్ర పుస్తకాల నుంచి విడిపోతుంది. పల్లెల్లో దళితులు సంగంలో ఉన్నారు, దళాల్లో ఉన్నారు, చనిపోయినవారిలో ఉన్నారు. నగరంలో దళిత రాజకీయం వేరే దారిలో నడిచింది. 1906లో జగన్మిత్ర మండలి పెట్టిన భాగ్యరెడ్డి వర్మ నుంచి మొదలైన ఆది హిందూ ఉద్యమానికి అప్పటికే నలభై ఏళ్ల చరిత్ర ఉంది. బి.ఎస్. వెంకట్రావు, బి. శ్యాంసుందర్ లాంటి నాయకులు నిజాం ప్రభుత్వంతో కలిసి పనిచేశారు. వెంకట్రావు లాయక్ అలీ మంత్రివర్గంలో విద్యామంత్రి అయ్యాడు. దళితుల చదువుల కోసం కోటి రూపాయల నిధి ఏర్పడింది. 1948లో ఐక్యరాజ్యసమితికి వెళ్లిన హైదరాబాద్ ప్రతినిధి వర్గంలో శ్యాంసుందర్ ఉన్నాడు.

వాళ్లను ద్రోహులని తేల్చేయడం అగ్రకుల చరిత్రకారులకు తేలిక. మనం వాళ్ల లెక్కను అర్థం చేసుకోవాలి. బాధ్యతాయుత ప్రభుత్వం అంటే ఎవరి ప్రభుత్వం? ఊళ్లో వెట్టి చేయించే దేశ్‌ముఖ్ కొడుకే రేపు శాసనసభ్యుడైతే మా పరిస్థితి ఏమిటన్నది వాళ్ల భయం. ఆ భయం అబద్ధం కాదని తర్వాతి ఏళ్లు చూపించాయి. అయినా వాళ్ల నిర్ణయంలో ఒక లోపం ఉంది. కూలిపోతున్న రాజ్యం ఇచ్చే హామీకి ఆ రాజ్యం ఆయుష్షు ఎంతో అంతే ఆయుష్షు. 1947 నవంబర్‌లో అంబేడ్కర్ దీన్ని స్పష్టంగా చూశాడు. హైదరాబాద్ షెడ్యూల్డు కులాలు నిజాం పక్షాన గానీ, ఇత్తెహాద్ పక్షాన గానీ నిలబడకూడదని బహిరంగంగా ప్రకటన చేశాడు. సంస్థానంలో షెడ్యూల్డు కులాల ఫెడరేషన్‌ను నడిపిన జె.హెచ్. సుబ్బయ్య ఆయన వైపు నిలిచాడు. దళిత నాయకత్వం ఇలా చీలి ఉన్నప్పుడే వాడలోని మనుషులు మరొకరి నాయకత్వంలో పోరాడుతున్నారు.

కొత్త నాయకత్వం, పాత కులం

ఆ మరొకరి నాయకత్వం సంగతీ చూద్దాం. కమ్యూనిస్టు ఉద్యమం వెట్టిని ఆపింది. దాన్ని తక్కువ చేసి చూడటం అన్యాయం. మన పెద్దవాళ్లు మొదటిసారి దొర ముందు తలెత్తింది ఆ రోజుల్లోనే. కానీ భూ పంపిణీ గరిష్ఠ పరిమితి ఎంత? మొదట 500 ఎకరాలు, తర్వాత 200, చివరికి 100 ఎకరాల మెట్ట, 10 ఎకరాల తరి. వంద ఎకరాల ఆసామిని తనతో ఉంచుకున్న ఉద్యమంలో, అతని పొలంలో జీతముండే మాదిగ మాట ఎంత దూరం సాగుతుంది? నాయకత్వ స్థానాల్లో ఎక్కువమంది భూమి ఉన్న కులాలవాళ్లే. అందుకే పోరాట చరిత్రలో దళితుల సంఖ్య కనిపిస్తుంది, పేర్లు తక్కువగా కనిపిస్తాయి.

అంబేడ్కర్ ఈ ప్రమాదాన్ని 1936లోనే 'కుల నిర్మూలన'లో చెప్పాడు. విప్లవం తర్వాత కులభేదం లేకుండా తనను సమానంగా చూస్తారన్న నమ్మకం లేకపోతే, ఏ మనిషీ ఆస్తి సమానత్వం కోసం విప్లవంలో చేరడని ఆయన వాదన. తెలంగాణలో దళితులు ఆ హామీ లేకుండానే చేరారు. దాని మూల్యం తర్వాత చెల్లించారు.

1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం వచ్చింది, 17న నిజాం లొంగిపోయాడు. ఆ వెంటనే జరిగిన హింసలో 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. వాళ్లలో అత్యధికులు ముస్లింలు. చాలామంది గడీతో సంబంధం లేని పేదలు. ఉద్యమానికి కారణమైన నిజాం మాత్రం 1950లో రాజప్రముఖ్ అయ్యాడు, ఏడాదికి 50 లక్షల రాజభరణం పొందాడు. 1949లో జాగీర్లు రద్దయ్యాయి, జాగీర్దార్లకు పరిహారం దక్కింది. పట్నాలకు పారిపోయిన దొరలు ఖద్దరు టోపీలు పెట్టుకుని ఊళ్లకు తిరిగొచ్చారు. పంచిన భూముల్లో చాలావరకు మళ్లీ లాక్కున్నారు. 1950 కౌలుదారీ చట్టం రక్షణ ఇచ్చింది దస్త్రంలో కౌలుదారుగా పేరున్నవాడికి. జీతగాడి పేరు ఏ దస్త్రంలోనూ లేదు. 1951 అక్టోబర్‌లో పార్టీ సాయుధ పోరాటాన్ని విరమించింది.

ఇప్పుడు మనం అడగాల్సినవి

ఈ కథ నుంచి మేము గ్రహించినవి మూడు.

ఒకటి. చెడ్డ నాయకత్వం అంటే క్రూరత్వం ఒక్కటే కాదు. మొర వినకపోవడం, చట్టాన్ని అమలు చేయాల్సిన బాధ్యతను నేరస్తుడికే అప్పగించడం, నిజం చెప్పేవాణ్ని తరిమేయడం, హింసను ప్రైవేటు మూకలకు వదిలేయడం. ఈ నాలుగు గుర్తులు ఎక్కడ కనిపించినా, ఆ పాలన ఎంత బలంగా కనిపించినా, లోపల బోలుగా ఉందని అర్థం. అట్రాసిటీ కేసు పెట్టడానికి స్టేషన్‌కు పోయిన మనిషి అక్కడ ఎవరి ముందు కూర్చోవాల్సి వస్తుందో తెలిసిన మనకు ఈ గుర్తులు కొత్తవి కావు.

రెండు. పాలకుడి వైఫల్యం విప్లవానికి తలుపు తెరుస్తుంది. లోపలికి ఎవరు ముందు అడుగుపెడతారన్నది మాత్రం అప్పటికే సంఘటితంగా ఉన్నది ఎవరన్నదాన్ని బట్టి తేలుతుంది. హైదరాబాద్‌లో ఆ తలుపు ముందు భూస్వామ్య కులాల వారసులు సిద్ధంగా ఉన్నారు. ప్రభుత్వాల మీద కోపం పెరుగుతున్న ప్రతిసారీ మనం ఆ కోపాన్ని లెక్కపెట్టుకుంటే సరిపోదు. మన సంస్థలు, మన కార్యకర్తలు, మన డిమాండ్ల పత్రం సిద్ధంగా ఉన్నాయా లేదా అన్నది చూసుకోవాలి.

మూడు. నాయకత్వాన్ని కొలిచే గజం పాలకులకు ఒకటి, ఉద్యమాలకు ఒకటి ఉండకూడదు. కింది మనిషి మాట పైకి వెళ్లే దారి ఉందా అన్న ప్రశ్న నిజాంను అడిగినట్టే పార్టీనీ అడగాలి, దళిత సంఘాలనూ అడగాలి. మన సంఘాల్లో ఆడవాళ్ల మాట, ఉపకులాల మాట ఎంత దూరం వెళుతోందో మనల్ని మనమే అడగాలి.

చివరగా ఒక పేరు. 1952 తొలి లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో గెలిచిన సంగతి పోటీ పరీక్షలు రాసే ప్రతి విద్యార్థికీ తెలుసు. నల్లగొండ అప్పుడు ద్విసభ్య నియోజకవర్గం. అదే ఎన్నికలో, అదే ప్రజలు, అదే పోరాటం బలంతో షెడ్యూల్డు కులాలకు కేటాయించిన స్థానం నుంచి మరొకరిని కూడా పార్లమెంటుకు పంపారు. ఆయన పేరు సుంకం అచ్చాలు. ఈ సెప్టెంబర్ 17న జెండా కింద నిలబడే వక్తల్లో ఎంతమంది ఆ పేరు చెబుతారో విని చూడండి.